దూరదేశపు పెండ్లి – బొట్టు పిలుపు

పెండ్లి చేయువారు ఒకచోటను, పెండ్లి జరుగు ఊరు వేఱొకచోటను ఉండుట మన కాలమున పుట్టిన వింత కాదు. రామాయణమున జనకమహారాజు పంపిన దూతలు మూడురాత్రులు త్రోవలో గడపి అయోధ్య చేరిరి. దశరథుడు నాలుగుదినములు ప్రయాణము చేసి మిథిలకు వచ్చెను. విల్లు విఱిచినది రాముడే యైనను, తండ్రి యభిప్రాయము తెలియనిదే తన చేయి పట్టనొల్లడయ్యెనని సీతయే అనసూయతో చెప్పినది. భాగవతమున రుక్మిణీదేవి కుండినమునుండి ద్వారకకు అగ్నిద్యోతనుని పంపి, తాను ఏ గుడికి పోవునో, ఎప్పుడు వచ్చి తన్ను కొనిపోవలయునో యన్నియు చెప్పించినది. ఇంతకంటె నేర్పుతో దూరమునుండి పెండ్లి నడపినవా రెవ్వరు? ఆ రెండు కథలలోను వర్తమానము కొనిపోయినవాడు మనుష్యుడు. అతడు ఎదుట నిలిచి చెప్పినాడు. ఎదుటివారి మొగము చూచి బదులు తెచ్చినాడు. నేడు వర్తమానము మనుష్యునికంటె ముందు పరుగెత్తుచున్నది. అందువలన మనకు కలిగిన సుఖమెంతయో, లోటెంతయో మా యింట జరిగిన యొక పెండ్లి పనులవలన మాకు తెలిసినది. దానిని సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వదినగారు, అనగా మా వారి అక్కగారు, భర్తతో కూడ అమెరికాలోని డాలసు నగరమున చాల యేండ్లుగా కాపురమున్నారు. వారికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల అచటనే పుట్టి, పెరిగి, చదువుకొన్నది. వరుడును అచటనే ఉద్యోగము చేయుచున్నాడు. అతని తల్లిదండ్రులది గుడివాడ. 2023 వేసవిలో మాటలు కుదిరినవి. పెండ్లి మనదేశముననే జరుగవలెనని ఇరువైపులవారును కోరిరి. విమానాశ్రయము గన్నవరమున నున్నది గనుక బెజవాడలో పెద్ద మంటపము మాటలాడుదమని పిల్ల తండ్రిగారు తలంచిరి. కాని మా అత్తగారు దివిసీమలో, నాగాయలంక దిక్కున నున్న స్వగ్రామమున, మా బావగారియొద్ద నున్నారు. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు, మోకాళ్ల నొప్పి. బెజవాడదాక కూర్చుండి రాలేరు. గుడివాడకును దివిసీమకును నడుమ బందరున్నది. మేము కాపురమున్నదియు బందరే. కావున పెండ్లి బందరుననే యని తుదకు నిశ్చయమైనది. ఆ దినమునుండి ఈవలి పెత్తనము మాపై పడినది. మా వారు బడిపంతులు. పదవతరగతి పరీక్షలు దగ్గఱపడు వేళ సెలవు పెట్టుట వారికి సాధ్యము కాదు. ఆ కారణమున తిరుగుడు పనియంతయు ఆడువారమే చేసితిమి.

మొదటి చిక్కు ముహూర్తము. అమెరికాలోని వారికి క్రిస్మసు పండుగకు, డిసెంబరు తుదివారమున సెలవులు దొరకును. మనకది ధనుర్మాసము, పెండ్లిండ్లు లేవు. తరువాత పుష్యము, అదియు పనికిరాదు. వారికి మఱల తీరిక వేసవిలో. మనవారు జ్యేష్ఠమాసమున ఇంటికి పెద్దవాడైన వరునికి ఇంటికి పెద్దదైన పిల్లను చేయరు. మా పిల్లయు, ఆ చిన్నవాడును ఇద్దఱును పెద్దవారే. ఆషాఢము శూన్యమాసము. 2023లో శ్రావణము అధికమై జూలై 18 మొదలు ఆగస్టు 16 వఱకు దానికే పోయినది. 2024 వేసవిలో గురు శుక్ర మౌఢ్యములు అడ్డు వచ్చినవి. మిగిలినది కార్తికము. కార్తికమన్నచో కృష్ణ దిగువనున్న మాకు దీపములతో పాటు గాలివానల భయమును గుర్తు వచ్చును. పైగా అది కోతల కాలము. సేద్యగాండ్రు కొడవలి విడిచి పెండ్లికి రాలేరు. ఇట్లు పంచాంగము ఒకదిక్కునకు, సెలవుల పట్టిక ఒకదిక్కునకు, వరిచేను ఒకదిక్కునకు లాగుచుండగా, వరుని వీసా ముద్రపడు దినము నాలుగవదియై వచ్చి చేరినది. తుదకు 2024 ఫిబ్రవరిలో, మాఘమాసమున, ఒక బుధవారము రాత్రి రెండు గంటలకు ముహూర్తము కుదిరినది. వదినగారికి పదునాఱు దినముల సెలవు మాత్రమే దొరకినది.

రాత్రి రెండు గంటల ముహూర్తము దూరమున నున్నవారికి ఎంత తికమక పెట్టునో చెప్పవలెను. మన లెక్కను సూర్యోదయముతో దినము మొదలగును గనుక అది బుధవారము రాత్రియే. శుభలేఖలో ‘తెల్లవారితే గురువారము’ అని వ్రాయుదురు. గడియారపు లెక్కకు అలవాటుపడిన పిల్లలు దానిని గురువారము రాత్రి యనుకొని వచ్చినయెడల, వారు చేరునప్పటికి అప్పగింతలు కూడ ముగిసియుండును. డాలసులో కూర్చుండి ఫోనులో చూచువారికి అదే ముహూర్తము బుధవారము మధ్యాహ్నము రెండున్నర. అందుచే అచటివారికి పంపిన శుభలేఖలో తిథి, మన గడియారపు తేదీ, వారి గడియారపు తేదీ మూడును వేఱువేఱుగ వ్రాయించితిమి. ఇది చిన్నపనివలె తోచును. కాని విమానపు టిక్కెట్టు ఒకదినము తప్పినచో ఎంత నష్టమో కొన్నవారికే తెలియును.

మాటలాడుకొనుటకును ఒక నియమము పెట్టుకొంటిమి. ప్రతి శనివారము బందరులో రాత్రి ఎనిమిది గంటలు. అచట ఉదయము తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారమున వారు గడియారమును గంట వెనుకకు త్రిప్పుకొనిన పిమ్మట ఎనిమిదిన్నర. ఆ వేళకు కాక ఎవరికి తోచినప్పుడు వారు పిలిచినయెడల, ఒకరు నిద్రలోను ఒకరు వంటలోను ఉండి, సగము విని సగము మఱచి, ‘చెప్పితిమి’, ‘చెప్పలేదు’ అను మాటలు పుట్టును. మాటలాడిన పిమ్మట నిశ్చయించిన సంగతులను ఒక నోటుపుస్తకములో వ్రాసి, ఆ పుటను ఫొటో తీసి పంపెడివారము. డబ్బునకు బ్యాంకులో వేఱుగ ఒక ఖాతా తెఱపించితిమి. వదినగారు అందులో వేసెడివారు. మేము ఖర్చు చేసి లెక్క పంపెడివారము. ‘మనలో మనకు లెక్కలేమి?’ అని వారనిరి. లెక్క లేనిచోటనే మనలు మనము కాకుండ పోవుదుమని మా వారు నవ్వుచు బదులు చెప్పిరి.

వస్తువుల విషయమున దూరము అంతగా బాధింపలేదు. పిల్ల తన ఆది రవికను వచ్చువారితో పంపినది. దానిని చూచి బందరు దర్జీ పెండ్లిరవికలన్నియు కుట్టినాడు. పెడన కలంకారీ దుప్పట్లను, పంచెలను ఫోనులో చూపగా పిల్లయే ఏఱుకొన్నది. బంగారము ఎక్కువ పెట్టుకొని తిరుగుట తనకిష్టము లేదని చెప్పినందున, విందునాటికి చిలకలపూడి బంగారుపూత నగలు తీసితిమి. మంగళసూత్రములు మాత్రము ఆచారప్రకారము పుట్టినింటివారొకటి, మెట్టినింటివారొకటి చేయించిరి. సారెకు బందరు లడ్డు, హల్వా, అరిసెలు. పూర్వము సారె కావడిలో పోయెడిది. ఇప్పుడు ఇరువదిమూడు కిలోల పెట్టెలో పోవలయును. శనగపిండి కారప్పూస వండి, దంచి, జల్లించి, బెల్లపు పాకమున నేతితో తొక్కి చేసిన ఆ లడ్డు ఎంత బరువో తూచినప్పుడు గాని తెలియలేదు. పసుపు దంచుట, పందిరిరాట వేయుట వదినగారు రాకముందే జరుగవలసివచ్చెను. అయిదుగురు ముత్తయిదువలను పిలిచి మా యింటనే జరిపించితిమి. రోకటిపోటు వినుచు వదినగారు అచట తెల్లవారుదాక మేలుకొనియుండిరి. మఱియొక సంగతి. మన రాష్ట్రమున 2002 నాటి చట్టము ప్రకారము ప్రతి వివాహమును నమోదు చేయింపవలెను. విదేశమున కాపురముండు దంపతులకు ఆ పత్రము అడుగడుగునను కావలసివచ్చును. పాసుపోర్టులో పేరు ఏ యక్షరములతో నున్నదో, దరఖాస్తులోను ఆ యక్షరములతోనే వ్రాయించుట మంచిది.

మంటపము, వంటవారు, మేళము, పూలు — ఇవన్నియు డబ్బును ఓపికయు ఉన్నయెడల డాలసునుండియే కుదుర్చుకొనవచ్చును. అట్లు కుదురనిది ఒక్కటి కలదు. అది పిలుపు.

పిల్ల తండ్రిగారు నాలుగువందల పేర్లతో చక్కని పట్టిక తయారుచేసి పంపిరి. అక్షరక్రమమున పేర్లు, ఊళ్లు, ఫోను సంఖ్యలు. రంగురంగుల శుభలేఖను వాట్సాప్‌లో ఒక్కమాటుగ అందఱికిని పంపవచ్చునని వారి యూహ. ఈ సంగతి వినిపించగా మా అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “బొట్టు పెట్టనిదే ఎవరు వత్తురమ్మా? వచ్చినను పిలువని పేరంటమునకు వచ్చినట్లే కదా” అనిరి. ఆ మాటలో మాకు దక్షయజ్ఞమే కనబడినది. సతీదేవి పోయినది కన్నతండ్రి యింటికే. అయినను పిలుపు లేకుండ పోయినది. అంతటి దేవికే అట్టి యవమానము తప్పనప్పుడు, మన పల్లెటూళ్లలోని మానవతులు పిలుపును పట్టించుకొనుట వింతయా?

పిల్లకును తనదైన బాధ యొకటి యుండెను. ఒక శనివారము తల్లిదండ్రులు ప్రక్కకు పోయిన వేళ, “అత్తయ్యా, నన్ను చూచుటకు నాలుగువందలమంది వత్తురు. వారిలో నేను పేరుపెట్టి పిలువగలవారు పదిమంది లేరు. నా పెండ్లికి నేనే పరాయిదాననా?” అని యడిగినది. ఈ ప్రశ్నకు ఓదార్పుమాటలు బదులు కావు. అప్పుడు మేమొక యేర్పాటు చేసికొంటిమి. సంక్రాంతి వెళ్లిన పిమ్మట మేమును మా తోడికోడలును ఇంటింటికిని పోయి బొట్టు పెట్టుదుము. వెంటనే ఫోనులో పిల్ల మాటలాడి తానే పిలువవలెను. ఒక్కొక్క యింటివారు తనకేమి వరుసయో ముందుగానే తెలిసికొని వ్రాసికొనవలెను. ‘అత్తయ్య’ యెవరు, ‘పెద్దమ్మ’ యెవరు, ‘మామ్మ’ యెవరు — వరుస తెలియనిదే తెలుగులో ఎవరినైనను పలుకరించుటెట్లు?

పట్టికను అత్తగారికి చదివి వినిపించితిమి. అంతయు విని, “మొదటి బొట్టు మోపిదేవి స్వామికి. రెండవది పెట్టవలసిన యిల్లు ఇందులో లేదు” అనిరి.

ఆ యిల్లు మా బంధువులది కాదు, కులమును వేఱు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడినప్పుడు సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు మా అత్తగారికి ఇరువదియెనిమిదేండ్లు. బావగారికి ఎనిమిది, వదినగారికి ఆఱు. మా వారు ఇంకను పుట్టలేదు. సముద్రపు నీరు పెంకుటింటి చూరునంటుచుండగా వీరు ముగ్గురును ఊరిలోని యొక మేడపైకి చేరిరి. ఆ మేడ యిల్లాలు తన చీరె చింపి మా వదినగారిని తన నడుమునకు కట్టుకొని రాత్రియంతయు గాలిలో కూర్చుండినదట. కాలక్రమమున ఆ కుటుంబమువారు భూమి అమ్ముకొని ప్రక్క గ్రామమునకు పోయిరి. రాకపోకలు తగ్గినవి. పట్టిక వ్రాసినవారికి ఆ యింటిపేరు తెలియుటకు అవకాశమే లేదు. ఫోను సంఖ్య గలవారి పట్టిక వేఱు. ఋణపడినవారి పట్టిక వేఱు. రెండవది ఇంటి పెద్దల మనస్సులలో మాత్రమే యుండును.

చల్లపల్లి, మోపిదేవి మీదుగ అవనిగడ్డ చేరి, ఆ గ్రామమునకు పోయితిమి. ఆ సంవత్సరము ఆ చేలను చూచుట కష్టముగ నుండెను. 2023 డిసెంబరు 5న బాపట్లవద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని ఆ వైపుననే గాక మా వైపునను ముంచినది. పనలమీదనే గింజ మొలకెత్తినది. మిగిలిన ధాన్యము రంగు మాఱినది. ఆ యింటివారు కౌలునకు చేయువారు. పంట పోయినను కౌలు పోదు గదా. ఎనుబదేండ్లు దాటిన ఆ పెద్దమ్మ గుమ్మములోనికి వచ్చి, మా చేతిలోని కుంకుమభరిణెను చూచి వెనుకకు తగ్గినది. “ఇంత గొప్ప పెండ్లికి మేమేమి పట్టుకొని వత్తుమమ్మా?” అన్నది.

అప్పుడు ఉదయము పదిగంటలు. డాలసులో ముందునాటి రాత్రి పదిన్నర. ఫోను కలిపి వదినగారికి ఇచ్చితిమి. ఇరువురికిని కొంతసేపు మాట పెగలలేదు. తరువాత ఆ పెద్దమ్మ, “నీళ్లు పోయి చెవి వినబడుట లేదని నాడు రాత్రియంతయు ఏడ్చితివే, ఇప్పుడా చెవి వినబడుచున్నదా?” అని యడిగినది. “వినబడుచున్నది పెద్దమ్మా, మీ మాటయే వినబడుచున్నది” అని వదినగారు చిన్నపిల్లవలె ఏడ్చిరి. పిల్ల ఫోను తీసికొని, వచ్చీరాని తెలుగులో, “మామ్మగారూ, మీరు వచ్చి నా ప్రక్కన కూర్చుండెదరా?” అని యడిగినది. పెద్దమ్మ నుదురు ముందుకు చాచినది. మేము బొట్టు పెట్టితిమి.

ఆమె యడిగిన ప్రశ్న మాత్రము మాతో కూడ బందరు వచ్చినది. ‘ఏమి పట్టుకొని వత్తుము?’ అను మాటను ఆ పదిదినములలో మఱి నాలుగైదిండ్లలోను వింటిమి. మన పెండ్లిండ్లలో చదివింపులనగా పేరును మొత్తమును అందఱియెదుట చదువుటయే. మైకు వచ్చిన పిమ్మట ఆ చదువుట వీధిచివఱకు వినబడుచున్నది. కలిగినవానికి అది గౌరవము. పంట పోయినవానికి శిక్ష. శనివారమున ఈ సంగతి చెప్పగా, బహుమానములు వద్దని శుభలేఖలో వేయింతుమని పిల్ల తండ్రిగారనిరి. అత్తగారు దానికి సమ్మతింపలేదు. “ఇచ్చునది వద్దనుటయు ఒక గర్వమే. ఎవరి చేతిది వారు ఇత్తురు, పైకి చదువకున్న చాలు” అనిరి. గుడివాడ వియ్యపురాలుగారితో మాటలాడితిమి. ఆమె వెంటనే ఒప్పుకొని, “మా వైపునను తడిసిన ధాన్యము అమ్ముకొనలేనివారు కలరండి” అనిరి. పుస్తకములో వ్రాయుటయే గాని, మైకులో చదువుట లేదని నిశ్చయమైనది.

పెండ్లి సుఖముగ జరిగినది. జీలకఱ్ఱ బెల్లము, మాంగల్యధారణము, తలంబ్రాలు అన్ని పెండ్లిండ్లవలెనే జరిగినవి, వర్ణింపవలసినది లేదు. చెప్పవలసినది ఒకటే. మేము ఫోనుతో కూడ బొట్టు పెట్టి వచ్చిన యిండ్లు అఱువది. గౌరీపూజకు ముందు పలుకరింప వచ్చిన ఆ యిండ్ల ఆడువారిలో చాలమందిని పిల్ల గొంతు విని గుర్తుపట్టినది. వరుస కలిపి పిలిచినది. దివిసీమ పెద్దమ్మ కొంగున ముడివేసికొని తెచ్చిన పదునొకండు రూపాయలు పుస్తకములో ఎక్కినవి, ఎవరికిని వినబడలేదు. ఆమె మా అత్తగారి ప్రక్కన కూర్చుండి తెల్లవారుదాక లేవలేదు.

దూరమును గూర్చి ఆలోచించినకొలది మాకొక సంగతి తోచుచున్నది. సముద్రము దాటినవారే దూరమున నున్నారని మనమనుకొందుము. కాని మన యాడువారిలో దూరమున లేనిదెవరు? మెడలో సూత్రము పడిననాటినుండి పుట్టినింటి పెండ్లిండ్లు, పురుళ్లు, పెద్దల జబ్బులు మనకును వార్తలుగానే వచ్చును. తమ్ముని పెండ్లికి రెండుదినములు ముందు పోవుటకు ఎన్ని యనుమతులు కావలెనో ప్రతి కోడలికిని తెలియును. పది కోసుల దూరమును మోసినవారము గనుకనే పదివేల మైళ్ల దూరమున నున్న ఆడుబిడ్డ మనస్సు మనకు తెలియును. కావున విదేశమున నున్న యింటియాడుపడుచు పెండ్లిపనులు పురమాయించినప్పుడు, ‘డబ్బు పంపి పెత్తనము చేయుచున్నది’ అని తొందరపడి యనుకొనరాదు. దగ్గఱనున్నవారి చేతులు తనవిగా భావించుటకంటె ఆమె చేయగలది ఏమున్నది?

అట్లే దూరమున నున్న సోదరీమణులకును ఒక విన్నపము. మంటపము మాటలాడుటకు ముందే ఇంటిలోని పెద్ద ముత్తయిదువకు ఫోను చేసి, మొదటి బొట్టు ఎవరికని అడుగుడు. ఆమె చెప్పు పేర్లను వ్రాసికొనుడు. ఆ పేర్లలో మీ బంధువులు కానివారుందురు, మీకు తెలియనివారుందురు. మీరు ఏ దేశమున నున్నను, మీరు అచటికి పోవుటకు ముందు మిమ్ము ఎత్తుకొన్న చేతులవి. మిగిలిన పనులు వెనుక ముందైనను అగును. ఆ పేర్లు చెప్పగలవారు ఉండగనే అడిగి తెలిసికొనవలెను.